కొత్త ల్యాప్‌టాప్‌లో పాత సాఫ్ట్‌వేర్: అక్షరాలు ఎందుకు చిన్నగా, మసకగా కనిపిస్తాయి?

వరంగల్ కాశిబుగ్గలాంటి బస్తీలో డీటీపీ షాపు అంటే అన్నీ అక్కడే. షాదీ రుఖాలు, వలీమా దావత్ కార్డులు, రంజాన్‌లో సహరీ-ఇఫ్తార్ టైం టేబుళ్లు, స్కూల్ ఐడీ కార్డులు, దుకాణాల బిల్లు పుస్తకాలు. ఒకే కార్డు మీద ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు. ఉర్దూ పనికి ఇన్‌పేజ్, తెలుగు పనికి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఫోటో పనికి ఫోటోషాప్. ఈ మూడూ చేతిలో ఉన్న ఆపరేటర్‌కు పనికి కరువు ఉండదు.

కథ మారేది పాత కంప్యూటర్ పాడైపోయి కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజున. అదే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, నిన్నటిదాకా కళ్లు మూసుకుని నొక్కిన బటన్లు ఇవాళ చీమల బారులా కనిపిస్తాయి. లేదంటే సైజు బాగానే ఉంటుంది గానీ, అద్దం మీద ఆవిరి పట్టినట్టు అక్షరాలన్నీ మసకగా ఉంటాయి. కొందరు ల్యాప్‌టాప్ నాసిరకం అనుకుని షాపువాడితో గొడవ పెట్టుకుంటారు. కొందరు కళ్లు పోయాయనుకుని కళ్లద్దాల దుకాణానికి వెళ్తారు. నలభై దాటినవాళ్లకు చత్వారం ఎలాగూ ఉంటుంది. ఉర్దూలో చాలీస్ అంటే నలభై కదా, ఆ జోడుకు చాళీసు అనే పేరు కూడా ఉంది. కానీ ఇక్కడ తప్పు కంటిదీ కాదు, స్క్రీన్‌దీ కాదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కొలతలు ఏ లెక్కన తీసుకున్నారన్నదే అసలు సంగతి.

ఇంచులో ఎన్ని చుక్కలు?

కంప్యూటర్ తెర మీద కనిపించేదంతా చిన్న చిన్న చుక్కల కూర్పు. వాటినే పిక్సెల్స్ అంటారు. పాతకాలపు 15 ఇంచుల డబ్బా మానిటర్‌లో అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు ఉండేవి. దాని తెర కనిపించే భాగం 14 ఇంచులకు కాస్త అటూ ఇటూ. లెక్క కడితే ఒక ఇంచుకు దాదాపు 91 చుక్కలు. ఇప్పుడు మార్కెట్‌లో మామూలుగా దొరికే 15.6 ఇంచుల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో 1920, 1080. అంటే ఇంచుకు 141. అదే సైజు 4కే తెర అయితే ఇంచుకు 282. తెర సైజు పెద్దగా మారలేదు, చుక్కలు మాత్రం మూడింతలు దగ్గరికి జరిగాయి. చుక్క చిన్నదైంది.

పాత ప్రోగ్రామర్ తన బటన్ ఎత్తును ఇంచుల్లోనో, మిల్లీమీటర్లలోనో రాయలేదు. 24 పిక్సెల్స్ అని రాశాడు. విండోస్ మొదటినుంచీ ఇంచుకు 96 చుక్కలు ఉంటాయని అనుకుని నడిచింది. ఆ లెక్కన 24 పిక్సెల్స్ అంటే పావు ఇంచు, సుమారు 6.4 మిల్లీమీటర్లు. కందిగింజంత అనుకోండి. ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో అదే బటన్ 4.3 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. 4కే తెర మీద 2.2 మిల్లీమీటర్లే. కందిగింజ ఆవగింజ అయిపోయింది. దాని మీద మౌస్ బాణం గురి చూసి నొక్కాలి, అదీ రోజుకు కొన్ని వందల సార్లు.

ఈ 96 అనే అంకె వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. అచ్చుపనిలో ఇంచుకు 72 పాయింట్లు. యాపిల్ తన మొదటి మాకింతోష్‌లో ఇంచుకు 72 చుక్కలే పెట్టింది. తెర మీద అక్షరం, కాగితం మీద అక్షరం ఒకే సైజులో కనిపించాలని ఆ ఆలోచన. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్‌ను తెచ్చింది ఆ మాకింతోష్ మీదే, డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే పనికి ఊపు వచ్చింది దానితోనే. మైక్రోసాఫ్ట్ మాత్రం కాగితాన్ని చదివే దూరం కన్నా తెరను చూసే దూరం ఎక్కువ కాబట్టి, అక్షరం మూడో వంతు పెద్దగా ఉండాలని 96 ఎంచుకుంది. దశాబ్దాల పాటు తెరలన్నీ ఆ అంకెకు దగ్గర్లోనే తయారయ్యాయి గనుక అది ఊహ అన్న సంగతే అందరూ మర్చిపోయారు.

డీటీపీ ఆపరేటర్‌కు ఇందులో ఒక మేలు ఉంది. కార్డు మీద 18 పాయింట్ల అక్షరం ఏ తెర మీద టైపు చేసినా కాగితం మీద 18 పాయింట్లే పడుతుంది. పేజీని జూమ్ చేసి పెద్దగా చూసుకోవచ్చు కూడా. చిన్నబోయేది పేజీ చుట్టూ ఉన్న మెనూలు, టూల్‌బార్లు, ఫాంట్ పేర్ల జాబితా, సైజు పెట్టే గడి. అంటే పనిముట్లు. పని పెద్దగానే ఉంది, సుత్తి సూది అయిపోయింది.

సాగదీస్తే మసక, సాగదీయకపోతే చీమ

విండోస్‌లో దీనికి మందు స్కేలింగ్. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పేజీలో 100, 125, 150 అని కనిపించే శాతాలు అవే. 150 పెడితే 24 పిక్సెల్స్ బటన్‌ను 36 పిక్సెల్స్‌తో గీయమని అర్థం. 15.6 ఇంచుల ఫుల్ హెచ్‌డీ తెర మీద 36 పిక్సెల్స్ అంటే 6.5 మిల్లీమీటర్లు. కందిగింజ మళ్లీ వచ్చేసింది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు 125 లేదా 150 పెట్టుకునే వస్తాయి.

మరి అంతా సర్దుకోవాలి కదా? చిక్కు ఏమిటంటే, శాతం చెప్పేది విండోస్, బటన్ గీసేది సాఫ్ట్‌వేర్. చెప్పిన మాట వినడం రాని సాఫ్ట్‌వేర్‌తో ఏం చేయాలి? పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. స్కేలింగ్ తెలియని ప్రోగ్రామ్‌లను విండోస్ తానే పెద్దవి చేసి చూపించే ఏర్పాటు వచ్చింది 2007లో, విస్టాతో. పుట్టకముందు పెట్టిన రూలు ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

విస్టా కనిపెట్టిన ఉపాయం ఒక తియ్యని అబద్ధం. పాత సాఫ్ట్‌వేర్ "తెర మీద ఇంచుకు ఎన్ని చుక్కలు?" అని అడిగితే, విండోస్ "96" అని చెప్పేస్తుంది. సాఫ్ట్‌వేర్ తన పాత లెక్కలో బొమ్మ మొత్తం గీసి ఇస్తుంది. విండోస్ ఆ బొమ్మను పట్టుకుని ఫోటోను పెద్దది చేసినట్టు సాగదీస్తుంది. సైజు సరిపోతుంది, అంచులు చెదిరిపోతాయి.

కొత్తవాడ దర్రీల సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గళ్ల కాగితం మీద చిన్న దర్రీకి గీసిన పువ్వును పెద్ద దర్రీకి ఎక్కించాలంటే రెండు దార్లు. ఒక్కో గడిని ఒకటిన్నర గడి చేసుకుంటూ పోవడం ఒకటి. అప్పుడు పువ్వు రేకులు మెట్లు మెట్లుగా, ఎక్కడికక్కడ అడ్డదిడ్డంగా వస్తాయి, ఎందుకంటే అర గడి అనేది నేతలో లేదు. పెద్ద సైజుకు పువ్వును మళ్లీ మొదటినుంచి గీయడం రెండోది. విండోస్ సాగదీత మొదటి దారి. మంచి సాఫ్ట్‌వేర్ చేసేది రెండోది.

మూడో రకం అన్నిటికన్నా ఇబ్బంది. "నాకు స్కేలింగ్ తెలుసు, నా జోలికి రావద్దు" అని విండోస్‌కు చెప్పి, ఆ తర్వాత ఏమీ చేయని సాఫ్ట్‌వేర్. విండోస్ మాట నమ్మి పక్కకు తప్పుకుంటుంది. బటన్లు చీమలవుతాయి. 2012లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్6 ఈ రకానికి పెద్ద ఉదాహరణ. ఎక్కువ చుక్కల ల్యాప్‌టాప్ కొన్న ఫోటోగ్రాఫర్లు ప్రపంచమంతా ఈ ఫిర్యాదే చేశారు. మన దగ్గర స్టూడియోలు ఇంకా పాత ఫోటోషాప్‌లనే నడుపుతాయి కాబట్టి ఆ ఫిర్యాదు ఇక్కడ ఇంకా పాతబడలేదు.

యాపిల్ ఈ గండం కొంచెం తెలివిగా దాటింది. 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రో తెచ్చినప్పుడు చుక్కలను రెండు దిక్కులా సరిగ్గా రెట్టింపు చేసింది. ఒక చుక్క ఉన్నచోట నాలుగు. అర చుక్క, పావు చుక్క గొడవ లేదు. విండోస్‌కు ఆ అదృష్టం లేదు, తెరలు తయారు చేసేవాళ్లు పదిమంది, సైజులు వంద. అందుకే 125, 150, 175 అనే చిల్లర లెక్కలు.

ఒక్క నుక్తా పోతే

ఇంగ్లీష్ అక్షరం కొంచెం మసకబారినా చదివేయొచ్చు. మన రెండు లిపులకు ఆ వెసులుబాటు తక్కువ. ఉర్దూలో దుఆకూ దగాకూ మధ్య తేడా ఒక్క నుక్తా. మహరంకూ ముజ్రింకూ తేడా కూడా ఒక్క నుక్తానే. తెలుగులో ప కింద చిన్న గీత పడితే ఫ, ద కింద పడితే ధ. ఫరీద్ పరీద్ అవుతాడు, ఒ-ఓ తారుమారవుతాయి. మసక తెర మీద ప్రూఫ్ చూసిన కార్డు అయిదు వందల కాపీలు అచ్చయ్యాక, పెళ్లికూతురి తండ్రి వచ్చి "భాయ్, అల్లుడి పేరే తప్పు పడిందే" అంటే ఆ నష్టం షాపువాడిదే. కాగితం, ఇంకు, కూలి అన్నీ పోతాయి. కాబట్టి ఇది అందానికి సంబంధించిన మాట కాదు.

ఇంకో తేడా ఎత్తుది. ఇంగ్లీష్ అక్షరాలు ఒక గీత మీద బుద్ధిగా నిలబడతాయి. తెలుగులో పైన గుడి, తలకట్టు, కింద వత్తు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే పైనా కిందా చోటు కావాలి. నస్తాలీఖ్ సంగతి ఇంకా వేరు. అందులో మాట కుడిపైన మొదలై ఎడమ కిందికి జారుతుంది. మాట పొడుగైతే ఎత్తూ పెరుగుతుంది. కాతిబుల చేతిలో అందంగా ఒదిగిన ఈ లిపి కంప్యూటర్‌కు మాత్రం చుక్కలు చూపించింది. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో నూరీ నస్తాలీఖ్ తెచ్చినప్పుడు విడి అక్షరాలు కాక, కలిసిన అక్షర గుంపులనే వేలల్లో ఒక్కొక్కటిగా గీయాల్సి వచ్చింది. ఇన్‌పేజ్ 1990ల్లో ఇంటింటి కంప్యూటర్‌కు తెచ్చింది ఆ సంపదనే.

ఇంగ్లీష్ కొలతతో 24 పిక్సెల్స్ ఎత్తు గడి కట్టి అందులో తెలుగో ఉర్దూనో పోస్తే ఏమవుతుంది? వత్తు తెగిపోతుంది, నుక్తా గడి అంచు కిందికి పోతుంది. స్కేలింగ్ 125 పెట్టినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో అక్షరం పెరుగుతుంది, గడి పెరగదు. అప్పుడు సగం మాటే కనిపిస్తుంది. పైగా ఇంగ్లీష్‌లో నాలుగు అక్షరాల 'సేవ్' తెలుగులో 'భద్రపరచు' అవుతుంది, ఉర్దూలో 'మహఫూజ్ కరేఁ'. వెడల్పు కూడా చాలదు.

షాపులో ఇప్పుడే చేయగలిగేది

పాత సాఫ్ట్‌వేర్ వదిలేయమని చెప్పడం తేలిక. అను ఫాంట్లలో ఏళ్లుగా టైపు చేసిన ఫైళ్లు యూనికోడ్ కావు, మార్చినా ప్రతి పేజీ మళ్లీ దిద్దుకోవాలి. పాత ఇన్‌పేజ్ ఫైళ్లదీ దాదాపు అదే గతి. ఆ సలహా ఇచ్చేవాళ్లు డీటీపీ షాపులో ఒక్కరోజైనా కూర్చుని ఉండరు. ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకురావడానికి విండోస్ 10, 11లో ఒక దారి ఉంది.

సాఫ్ట్‌వేర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవాలి. అందులో కంపాటబిలిటీ అనే ట్యాబ్, దాని కింద ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ అనే బటన్. అది నొక్కితే వచ్చే చిన్న కిటికీలో అడుగున ఓవర్‌రైడ్ అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే మూడు మాటల్లో ఒకటి ఎంచుకోమంటుంది. అప్లికేషన్ అంటే సాఫ్ట్‌వేర్ ఇష్టానికి వదిలేయడం. సిస్టమ్ అంటే విండోస్ సాగదీయడం, చీమ బటన్లకు ఇది పనిచేస్తుంది, మసక భరించాలి. మూడోది సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్. 2017లో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. ఇందులో విండోస్ తయారైన బొమ్మను సాగదీయకుండా, సాఫ్ట్‌వేర్ అక్షరాలు గీసేటప్పుడే పెద్ద సైజులో గీయిస్తుంది. పాత పద్ధతిలో రాసిన సాఫ్ట్‌వేర్‌లలో అక్షరాలు పదునుగా వస్తాయి, ఐకాన్ బొమ్మలు మాత్రం కొంచెం మసకగానే ఉంటాయి. అన్ని సాఫ్ట్‌వేర్‌లకూ ఇది పడదు. మూడూ మార్చి మార్చి చూడటం, ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవడం. పది నిమిషాల పని.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అక్షరాలు పెద్దగా కావాలని తెర రెజల్యూషన్‌నే 1366కో, 1024కో తగ్గించేస్తారు. ఇప్పటి తెరల్లో చుక్కలు గచ్చు పలకల్లా పాతుకుని ఉంటాయి, తగ్గించమంటే తగ్గవు. ఉన్న చుక్కల మీదే తక్కువ చుక్కల బొమ్మను పరచాల్సి వస్తుంది. దాంతో ఒక్క సాఫ్ట్‌వేర్ కాదు, తెర మొత్తం మసకేస్తుంది. రెజల్యూషన్‌ను రికమెండెడ్ అని ఉన్నచోటే ఉంచి స్కేల్ శాతం మార్చడం మేలు.

శాతం మార్చాక ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రావాలి. చాలా సాఫ్ట్‌వేర్‌లు ఆ శాతాన్ని లాగిన్ అయిన సమయంలో ఉన్నదాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ల్యాప్‌టాప్‌కు పక్కన పాత మానిటర్ తగిలించుకున్న షాపుల్లో కిటికీని ఒక తెర నుంచి ఇంకో తెరకు లాగగానే అక్షరాలు మసకబారేది కూడా ఇందుకే. ఒక్కో తెరకు ఒక్కో శాతం అనే ఏర్పాటు విండోస్ 8.1తో 2013లో వచ్చింది, అది కాస్త సరిగ్గా కుదిరింది 2017లో. అంతకుముందు రాసిన సాఫ్ట్‌వేర్ రెండు తెరల మధ్య తికమక పడుతుంది. అలాంటప్పుడు రెండు తెరలకూ ఒకే శాతం పెట్టుకుని చూడండి.

బ్రౌజర్‌లో తెరిచే పనులకు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మీసేవ వంటి వాటికి, ఈ తిప్పలేవీ అక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే చాలు.

దూరం లెక్క కూడా ఉంది

మస్జిద్‌లో గోడకు టీవీ పెట్టి నమాజు వేళలు చూపించే అలవాటు పెరుగుతోంది. పాత ప్రోగ్రామ్‌ను ఒక చిన్న కంప్యూటర్‌లో వేసి 43 ఇంచుల 4కే టీవీకి కలుపుతారు. ఇంచుకు చుక్కలు లెక్కేస్తే 102, పాత మానిటర్ లాగే. లెక్క ప్రకారం స్కేలింగ్ అక్కర్లేదు. కానీ మానిటర్‌ను చూసేది రెండడుగుల దూరం నుంచి, టీవీని చూసేది వెనక సఫ్‌లో పదిహేను, ఇరవై అడుగుల నుంచి. దూరం ఎనిమిది, పదింతలైతే అక్షరం కూడా అంత పెరగాలి. 4కే టీవీ తగిలించగానే విండోస్ 300 శాతం సూచించేది పిచ్చి పట్టి కాదు. టీవీ కోసం రాసే ప్రోగ్రామ్ అయితే పిక్సెల్ లెక్కే వదిలేసి, ఒక్కో నమాజు వరుసకు తెర ఎత్తులో ఎనిమిదో వంతు అనో, పదో వంతు అనో రాసుకోవాలి. అప్పుడు ఏ టీవీకైనా సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలకు

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఏనుమాముల మార్కెట్ పక్క ఆడ్తి దుకాణానికి కాంటా లెక్కలో, చిన్న స్కూలుకు ఫీజు రసీదులో రాసి ఇవ్వడం మామూలే. వాళ్ల ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా కనిపించింది దుకాణంలో ఎందుకు చెడుతుందో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ఎక్కువసార్లు చెడేది తలకిందులుగా. పిల్లవాడి ల్యాప్‌టాప్‌లో 1920, 1080. దుకాణంలోది 1366, 768 పాత తెర, పెద్దాయన కంటికోసం 150 శాతం పెట్టి ఉంది. అంటే ప్రోగ్రామ్‌కు నిజంగా మిగిలేది 911కి 512. ఆరు వందల ఎత్తుతో చేసిన ఫారంలో అడుగున ఉన్న ఓకే బటన్ తెర కిందికి పోతుంది. పెద్దాయన రసీదు నింపుతాడు, నొక్కడానికి బటన్ ఉండదు. ముందు బండి దిగిన రైతు ఎదురుచూస్తుంటాడు. ఫారానికి స్క్రోల్ పెట్టి ఉంటే ఈ గోల లేదు.

అసలు మందు గడులను పిక్సెల్ స్థానాల్లో అతికించకపోవడమే. ఈ గడి ఆ గడి పక్కన, ఈ వరుస లోపలి అక్షరాన్ని బట్టి ఎత్తు, మిగిలిన చోటంతా పట్టికకు, అని సంబంధాలు చెప్పాలి. లెక్క ప్రోగ్రామే వేసుకుంటుంది. తెలుగు వత్తుకూ, నస్తాలీఖ్ ఏటవాలుకూ చోటు తనంతట తానే వస్తుంది. ఉర్దూ కోసం మొత్తం కుడి నుంచి ఎడమకు తిప్పాల్సి వచ్చినా ఈ పద్ధతిలో అద్దంలో బొమ్మలా తిరుగుతుంది, అతికించిన గడులైతే ఒక్కొక్కటీ చేత్తో జరపాలి. మైక్రోసాఫ్ట్ డబ్ల్యూపీఎఫ్ 2006 నుంచీ కొలతను ఇంచులో 96వ వంతుగానే తీసుకుంటుంది, చుక్కగా కాదు. జావా 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి విండోస్ స్కేలింగ్‌ను గౌరవిస్తుంది. క్యూటీ 6లో అది మొదటినుంచే ఆన్. పాత విన్‌ఫార్మ్స్‌లోనే రాయాలంటే మేనిఫెస్ట్‌లో గానీ ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో గానీ పర్ మానిటర్ వీ2 అని ప్రకటించాలి. అయితే ప్రకటించి ఊరుకుంటే సీఎస్6 కథే అవుతుంది. ఐకాన్లు ఒక్క 16 పిక్సెల్స్ బొమ్మతో సరిపెట్టకుండా 24, 32, 48 కూడా గీసి పెట్టాలి, లేదా ఎస్‌వీజీ వాడాలి.

పరీక్ష పెట్టడానికి నాలుగు కంప్యూటర్లు అక్కర్లేదు. ఉన్నదాంట్లోనే 100, 125, 150, 200 మార్చి ఒక్కోసారి సైన్ అవుట్ చేసి చూడాలి. 125ను వదలకూడదు, ఒక చుక్క గీత ఒకటింపావు చుక్క కావాల్సి వచ్చేది అక్కడే, పట్టికల గీతలు ఒకటి లావు ఒకటి సన్నం అయ్యేదీ అక్కడే. పేరు గడిలో 'రామ్', 'అలీ' లాంటి రెండక్షరాల పేర్లు కాకుండా 'సయ్యద్ ముస్తఫా ముహియుద్దీన్' అని తెలుగులో ఒకసారి, నస్తాలీఖ్‌లో ఒకసారి టైపు చేసి, కింది వత్తూ చివరి నుక్తా రెండూ కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే దుకాణానికి ఇవ్వాలి.